పల్లీలు పడని బిడ్డ ఉన్న ఇంటికి

చి.ల.సౌ. సుమతికి,

పెద్దమ్మ దీవెనలు. బాబుకి పల్లీలు, జీడిపప్పు రెండూ పడవని డాక్టరు తేల్చి చెప్పాక నువ్వు అడిగిన మొదటి మాట, ఇక ఇంట్లో ఏం వండాలని. వండుకోవడానికి ఎన్నో ఉన్నాయమ్మా. వంట కంటే ముందు ఇంజెక్షన్ సంగతి రాస్తాను, అది స్థిమితపడితే మిగతావి ఒక్కొక్కటే సర్దుకుంటాయి.

రియాక్షన్ ముదిరినప్పుడు ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. సిట్రిజిన్, ఎవిల్ లాంటివి దురద, దద్దుర్లు తగ్గిస్తాయి. గొంతు వాపునీ, పడిపోతున్న బీపీనీ అవి ఆపలేవు. "సిరప్ వేశాం కదా, కాసేపు చూద్దాం" అని కూర్చునే ఆ పావుగంటే ముప్పు తెస్తుంది. నాలుగు దద్దుర్లు మాత్రమే వచ్చి వాడు ఆడుకుంటూనే ఉంటే సిరప్ వేసి, పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండు. దద్దుర్లతో పాటు వాంతులు మొదలైతే ఇంజెక్షన్ ఇచ్చెయ్. ఆగని దగ్గు, గొంతు బొంగురు, పిల్లికూతలు, నాలుక వాపు, పాలిపోయి మగతగా వాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఇంజెక్షనే. ఒక్కోసారి దద్దుర్లు అసలు రాకుండానే ఊపిరి పట్టేస్తుంది, కాబట్టి చర్మం బాగానే ఉంది కదా అని మోసపోకు. తిన్న నిమిషాల్లోనే ఎక్కువగా మొదలవుతుంది కానీ, రెండు గంటల దాకా జాగ్రత్తగా ఉండాలి. ఇవ్వాలా వద్దా అని అనుమానం వచ్చిందంటే ఇవ్వడమే మేలు. ఇచ్చాక గుండె దడ, చేతుల వణుకు కాసేపు ఉండి పోతాయి.

పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్ దొరికితే అదే వాడు. బాబు ఇప్పుడు 16 కిలోలు కనుక 0.15 మిల్లీగ్రాముల పెన్ను పనికొస్తుంది. మన దగ్గర ప్రతి మందుల షాపులోనూ అది ఉండదు. అందుకే చాలామంది డాక్టర్లు ఆంపూల్ (మందు నింపిన చిన్న గాజు సీసా), సిరంజీ ఇచ్చి నేర్పిస్తారు. ఆంపూల్ మీద 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము అని ఉందో లేదో చూసుకో. కిలోకి 0.01 మిల్లీగ్రాము లెక్కన వాడికి 0.16 మిల్లీలీటరు, అంటే ఆంపూల్లో ఆరో వంతు కూడా నిండా లేదు. తప్పు జరిగేది ఇక్కడే. కంగారులో ఆంపూల్ మొత్తం లాగేస్తారు. 1 మిల్లీలీటరు సిరంజీ తప్ప ఇంకోటి కిట్‌లో ఉంచకు, డాక్టరు చేతనే సరైన గీత దగ్గర మార్కు పెట్టించి, మోతాదు పెద్ద అక్షరాలతో రాయించుకో. ఇన్సులిన్ సిరంజీ వద్దే వద్దు, దాని గీతలు యూనిట్ల లెక్కలో ఉంటాయి, సూది పొట్టిది కావడంతో కండ దాకా దిగదు. అంగుళం సూది కావాలి. ఆంపూల్ మెడ విరిచేటప్పుడు గాజు గుచ్చుకోకుండా చిన్న గాజుగుడ్డ ముక్క పెట్టుకో. వాడి బరువు ఆరు నెలలకోసారి చూసి మోతాదు మళ్ళీ రాయించు.

పొడవాల్సింది తొడ మధ్యలో, బయటి వైపు. పిరుదు మీదా, చేతి మీదా కాదు. ఇచ్చాక వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టు. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టు, వాంతులవుతుంటే పక్కకు తిప్పు. నిలబెట్టకూడదు, నడిపించకూడదు, భుజాన వేసుకుని లిఫ్టు దాకా పరుగెత్తకూడదు. ఒక్కసారిగా లేపితే గుండెకు రక్తం అందక కుప్పకూలే ప్రమాదం ఉంది. ఐదు నిమిషాల్లో కుదుటపడకపోతే రెండో డోసు ఇవ్వాలి, అందుకే కిట్‌లో ఎప్పుడూ రెండు డోసులకు సరిపడా ఉండాలి. కుదుటపడినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టే వీలుంది.

మీరుండేది బెంగళూరులో మారతహళ్ళి. సాయంత్రం ఆరున్నరకి రింగ్ రోడ్డు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఇంజెక్షన్ ఇంట్లోనే ఇచ్చి, 108కి ఫోన్ చేసి, ఆ తర్వాతే బయల్దేరాలి. మంచి పేరున్న ఆసుపత్రి ఊరి ఆ చివర ఉంటే ఆ వేళకి అది అక్కరకు రాదు. పిల్లల ఎమర్జెన్సీ రాత్రింబగళ్ళు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో ఇప్పుడే చూసి, రద్దీ వేళలో ఒకసారి వెళ్ళి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోండి. అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా ముందే చెప్పి ఉంచు, అంబులెన్స్ వస్తే రిజిస్టరులో రాయించుకుంటూ నిలబెట్టకూడదని.

కిట్ ఫ్రీజర్లో పెట్టకు, కారు డాష్‌బోర్డులో వదలకు, తాళం వేసిన బీరువాలో దాచకు. అడ్రినలిన్‌కి ఎండ, వేడి పడవు. రంగు మారినా, గడువు దాటినా మార్చెయ్. వాడు ఎక్కడుంటే కిట్ అక్కడ ఉండాలి, కింద పార్కులోనైనా సరే.

ఇక వంటిల్లు. గిన్నెలో కనపడే పల్లీని ఎవరైనా ఏరేస్తారు. పల్లీ చట్నీలో పెట్టిన గరిటెనే కొబ్బరి చట్నీలో పెడితే ఎవరికీ కనపడదు, వాడికి అంత చాలు. మిక్సీ జారు మూత తీసి ఆ రబ్బరు వాషరు ఊడదీసి చూడు. దాని కింద పాత పొడి గోధుమరంగు పూతలా అంటుకుని ఉంటుంది. బ్లేడు అడుగునా అంతే. ఇంత ఉన్న ఇంట్లో "ఇది వాడిది, అది మనది" అని వేరు చేసుకుంటూ బతకడం కష్టం. నా మాట విని, వాడు కాస్త పెద్దయ్యేదాకా పల్లీలూ జీడిపప్పూ ఇంట్లోకే రానివ్వకు. కొత్త జారు, కొత్త పోపుల డబ్బా, కొత్త చెక్క గరిటెలు తెచ్చుకో. పాత రుబ్బురోలు వాడికి వండేవాటికి వాడకు, రాతి గుంతల్లో దిగినది పూర్తిగా వదలదు.

వేయించినా, మరిగించినా విషయం మారదు. వేపితే పల్లీ ప్రొటీన్ ఇంకా ఘాటవుతుంది తప్ప విరగదు. పల్లీలు వేయించిన నూనెలో అప్పడం వేయించినా ఆ నూనెది అదే గుణం. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు. ఆరోగ్యమని ఇప్పుడు అందరూ తెచ్చుకుంటున్న గానుగ నూనెలో మాత్రం ఉంటుంది. పొద్దుతిరుగుడు నూనె వాడుకుంటే ఆ లెక్కలే అక్కర్లేదు. చట్నీకి పుట్నాలూ కొబ్బరీ, కుర్మా చిక్కబడడానికి పుచ్చగింజలు వాడుకో. విడిగా తూచి ఇచ్చే పుట్నాలు వద్దు, అక్కడ అదే చేటతో పల్లీలు కూడా తూస్తారు. పప్పులన్నీ మానెయ్యకు. పల్లీ పడనివాళ్ళలో చాలామందికి కంది, పెసర, మినప నిక్షేపంలా పడతాయి. జీడిపప్పు పడనివాడికి పిస్తా కూడా తరచూ పడదు, కాబట్టి దాన్ని ముట్టనివ్వకు. ల్యాబుల వాళ్ళు ఒక్క రక్తపరీక్షలో పెద్ద జాబితా ఇస్తారు. రిపోర్టులో పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన అది తింటే పడదని కాదు. దాన్ని పట్టుకుని బిడ్డ కంచం ఖాళీ చెయ్యకుండా అలర్జీ డాక్టరుకి చూపించు. పిల్లికూతలకి రోజూ పీల్చే ఇన్హేలరు రాసిచ్చి ఉంటే అదీ ఆపకూడదు, ఉబ్బసం అదుపులో లేని పిల్లలకే రియాక్షన్ ఎక్కువ బాధిస్తుంది.

చేతులకి శానిటైజరు పనిచెయ్యదు. క్రిములు చచ్చినా పల్లీ ప్రొటీన్ అక్కడే ఉంటుంది. సబ్బూ నీళ్ళే వాడాలి.

మాటల దగ్గర ఇంకా పెద్ద చిక్కు. కర్నూలు వైపు బుడ్డలు, సీమలోనే ఇంకొన్నిచోట్ల శెనక్కాయలు, తెలంగాణలో పల్లీలు, మన కోస్తాలో వేరుశనగ. శనగలు అంటే ఒకరు పల్లీలనుకుంటారు, ఇంకొకరు మామూలు శనగలనుకుంటారు. మీ వంటమనిషికి కన్నడంలో "మగూగె కడ్లేకాయి, గోడంబి ఆగల్ల" (బాబుకి పల్లీలు, జీడిపప్పు పడవు) అని చెప్పు. ఉత్తర కర్ణాటక మనిషైతే పల్లీలని శేంగా అనాలి. కడలె బేళె అంటే శనగపప్పు, హురిగడ్లె అంటే పుట్నాలు, కాబట్టి ఉత్త "కడలె" అని ఆపేస్తే వినేవాళ్ళు ఏదైనా అనుకోవచ్చు. తమిళులకైతే వేర్కడలై, ముందిరి. గింజలు రెండు చిన్న సీసాల్లో వేసి గట్టిగా సీలు చేసి చూపించడం అన్నిటికంటే ఖాయం.

ప్యాకెట్ల మీద 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లేబుల్ నిబంధనల ప్రకారం పల్లీలు, గింజపప్పులు, పాలు, గుడ్డు, సోయా లాంటివి ఉంటే "కంటెయిన్స్" అని విడిగా రాయాలి. "మే కంటెయిన్", అంటే ఉండవచ్చు అని రాసి ఉన్నది కూడా వాడికి వద్దు. నువ్వులూ ఆవాలూ ఆ జాబితాలో లేవు, పొరపాటున రేపు అవి కూడా పడవని తేలితే పదార్థాల పట్టిక మొత్తం చదవాల్సిందే. ప్రతిసారీ కొనేటప్పుడు చదువు, పోయిన నెల లేనిది ఈ నెల చేరవచ్చు.

దర్శినిలో (మీ ఊళ్ళో నిలబడి తినే టిఫిన్ హోటల్లో) రవ్వ ఇడ్లీ మీద జీడిపప్పు తీసేసి పెట్టమనకు, తీసేసినా అంటినది అంటినట్టే ఉంటుంది. టిఫిన్‌తో ఇచ్చే సాగు అనే కూరగాయల కుర్మాలో జీడిపప్పు ముద్ద ఉండవచ్చు. చిత్రాన్నం, పులియోగరె, నిప్పట్టు, బేకరీలో కాంగ్రెస్ కడ్లేకాయి అనే మసాలా పల్లీలు, అన్నీ వాడికి దూరం. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలేకాయి పరిషె, అంటే పల్లీల జాతర జరుగుతుంది, వీధి వీధంతా కాయల రాశులు, కాళ్ళ కింద పొట్టు. వాణ్ణి ఆ వైపు తీసుకెళ్ళకు.

ప్రసాదం తెచ్చినవాళ్ళని నొప్పించక్కర్లేదు. నువ్వు చేత పుచ్చుకుని కళ్ళకద్దుకుని నువ్వే తిను, వాడికి తీర్థం చాలు. తిరుపతి లడ్డూలో జీడిపప్పు ఉంటుంది, నలుసంత కూడా వద్దు. మీ అత్తగారు "కొంచెం కొంచెంగా పెడితే అలవాటవుతుంది" అంటున్నారని రాశావు. ప్రేమతోనే అంటున్నారు. అలా కొలతతో అలవాటు చేసే చికిత్స ఉన్నమాట నిజమే. అది డాక్టరు కళ్ళెదుట, మోతాదు తూచి చేస్తారు, ఇంట్లో చేసేది కాదు. ఈ మాట ఆవిడకి డాక్టరు నోటే చెప్పించు, ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పించు. పగలు బాబు దగ్గర ఉండేది ఆవిడే.

బడికి ఒక కాగితం చాలు: వాడి ఫోటో, పడనివి, లక్షణాలు, మోతాదు, మీ నంబర్లు. కిట్ క్లాసులోనే ఉండాలి, ఆఫీసు రూములో కాదు. పుట్టినరోజుల కోసం టీచరు దగ్గర వాడి బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంచు.

సంక్రాంతికి ఇరుగుపొరుగు పిల్లలు ఎళ్ళు బెల్ల పంచడానికి తలుపు కొడతారు. అందులో నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరితో పాటు పల్లీలు కూడా ఉంటాయి. పళ్ళెం గుమ్మం దగ్గరే అందుకుని పొట్లాన్ని వాడికి అందనంత ఎత్తులో పెట్టేసి, చేతులు సబ్బుతో కడుక్కో. మీరు పంచేది చెరకు ముక్కలూ చక్కెర అచ్చులూ అయితే వాడు కూడా నీ వెంట వచ్చి పంచుతాడు.

ఈ ఆదివారం మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్స్ ఆరు, సిరంజీలు ఆరు తెప్పించు. నువ్వూ, అల్లుడుగారూ, మీ అత్తగారూ తలా రెండుసార్లు నీళ్ళు గీత దాకా లాగి నారింజపండులోకి గుచ్చి, గడియారం చూసుకోండి. నిమిషం దాటితే ఇంకో ఆరు తెప్పించు.

మీ పెద్దమ్మ