హెర్పిస్ సర్జరీకి 4 లక్షల అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి 42,000 వస్తుంది, ఇంటి ఖర్చులన్నీ కలిపి 28,000 పోతుంది. ఐదేళ్లుగా జననాంగ హెర్పిస్ ఉంది, ఏడాదికి ఏడెనిమిది సార్లు తిరగబెడుతోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, నాకేమో ఒకటే టెన్షన్. పుండ్లు వచ్చే చోట చర్మం తీసేసి, అక్కడి నరం కూడా కత్తిరిస్తే ఇక జన్మలో రాదని ఒక క్లినిక్‌లో చెప్పారు. 4 లక్షల ప్యాకేజీ. 18 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారట. 10,000 అడ్వాన్సు కట్టేశాను. ఆ లోన్ తీసుకోనా, అమ్మ బంగారం తాకట్టు పెట్టనా, పీఎఫ్ తీయనా? బ్యాంకులో 35,000 ఉంది. కంపెనీ ఇచ్చిన 3 లక్షల హెల్త్ కవర్ తప్ప వేరే పాలసీ లేదు.

జవాబు: మూడూ వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. జబ్బు పేరు మారుతుంది, కథ మాత్రం అదే. పైకి చెప్పుకోలేని సమస్య కాబట్టి అప్పు కూడా గుట్టుగానే చేయాలనుకుంటారు. ఇంట్లో ఒక్కరికి చెప్పినా ‘ఇంకో డాక్టర్ని అడిగావా?’ అనేవారు. ఆ మాట అనేవాళ్లు లేకపోయేసరికి, ఏ అప్పు చవక అన్నదొక్కటే ప్రశ్నగా మిగిలింది.

నేను డాక్టర్ని కాను. అయినా 4 లక్షలు పెట్టే ముందు ఎవరైనా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ వైరస్ కాపురం చర్మంలో కాదు, వెన్ను అడుగున ఉండే నరాల మూలాల్లో. పైన చర్మం తీయించుకోవడం తుంగను పైపైన కోసినట్టే, గడ్డ లోపలే ఉంటుంది. పైగా నరం మీద కత్తి పెడితే తిమ్మిరి, నొప్పి శాశ్వతంగా మిగిలిపోవచ్చు. ఇన్ని సార్లు తిరగబెట్టేవాళ్లకు డాక్టర్లు మామూలుగా రాసేది రోజూ వేసుకునే ఎసైక్లోవిర్ లేదా వాలాసైక్లోవిర్ మాత్ర. దీనితో చాలామందిలో తిరగబెట్టడం 70 నుంచి 80 శాతం తగ్గుతుంది. జనరిక్ కొంటే ఆ ఖర్చు మీ జీతానికి బరువేమీ కాదు. ముందు మంచి స్కిన్ డాక్టర్ని కలవండి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో లైంగిక వ్యాధులకు చూసే సురక్ష క్లినిక్‌లు ఉంటాయి, అక్కడ సలహా, చికిత్స ఉచితం, గోప్యంగానే చూస్తారు. పెళ్లికి ముందు అవతలి వారికి ఎలా చెప్పాలో కూడా వాళ్లనే అడగండి.

డబ్బు వైపు నుంచి చూసినా తేలేది అదే. హెల్త్ పాలసీల్లో ‘నిరూపణ కాని చికిత్సలకు చెల్లించం’ అని ఒక షరతు ఉంటుంది. ఈ ఆపరేషన్‌కు క్యాష్‌లెస్ ఇస్తారేమో క్లినిక్ వాళ్లనే అడిగి చూడండి, వాళ్ల మొహంలోనే జవాబు దొరుకుతుంది.

ఇక ఆ లోన్. 4 లక్షలకు 18 శాతం మీద మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 14,460. మీకు నెలకు మిగిలేది 14,000! మొదటి నెల నుంచే లోటు. మొత్తం కట్టేది 5.2 లక్షలు. అప్పు పత్రం మీకూ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య ఉంటుంది. క్లినిక్‌కు డబ్బు ముందే ముడుతుంది. ఆర్నెల్లకు పుండ్లు మళ్లీ వస్తే ఈఎంఐ ఆగదు. ‘మేమే లోన్ ఇప్పిస్తాం’ అనే వైద్యం దగ్గర పర్సు జేబులోంచి తీయకండి. బంగారం తాకట్టులో వడ్డీ కాస్త తక్కువ, అంతే తేడా. పీఎఫ్‌లో వైద్యానికి అడ్వాన్సు ఇస్తారు, దాన్ని నిజమైన అవసరానికి ఉంచండి. 10,000 అడ్వాన్సు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, దాని వెనక ఇంకో 3.9 లక్షలు పంపకండి.

మీలో నన్ను భయపెట్టేది హెర్పిస్ కాదు, ఆ 35,000. అంటే ఐదు వారాల బతుకు. రేపు ఉద్యోగం పోతే కంపెనీ కవర్ కూడా దానితోపాటే పోతుంది. ఆరు నెలల ఖర్చు 1,68,000 పక్కన ఉండాలి. ఈఎంఐ కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అందులో 12,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి. ఇప్పుడున్నదీ కలిపితే పదకొండు నెలల్లో దాదాపు పూర్తవుతుంది. అప్పటిదాకా ఎస్ఐపీ, షేర్లు, చీటీలు, ఏవీ వద్దు. ఆ ఖాతాకు యూపీఐ కూడా కలపకండి.

మిగిలే 2,000లో మందులు, సొంత హెల్త్ పాలసీ. కనీసం 5 లక్షల కవర్. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం కొంత తేలికైంది. ప్రపోజల్ ఫారంలో హెర్పిస్ సంగతి దాచకుండా రాయండి. ముందున్న జబ్బులకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, మూడేళ్లకు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం. దాచారని తేలితే అసలు సంబంధం లేని క్లెయిమ్‌కు కూడా పేచీ పెడతారు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆలోపు ఫారం కాపీ తెరిచి మీరు చెప్పింది రాశారో లేదో చూసుకోండి. ముందున్న జబ్బుల గడిలో మిమ్మల్ని అడగకుండానే ‘లేదు’ అని టిక్ పెట్టేసే ఏజెంట్లు ఉన్నారు.