హోస్టింగ్ లిమిట్ దాటిందని మెయిల్ వచ్చింది, ప్లాన్ అప్‌గ్రేడ్ చేయాలా?

మీరు అడిగింది ఇదే కదా, హోస్టింగ్ వాళ్ళు, అంటే మీ సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచే కంపెనీ వాళ్ళు, "మీ వాడకం లిమిట్ దాటింది, పెద్ద ప్లాన్‌కి మారండి" అని మెయిల్ పెట్టారు, కట్టాలా వద్దా అని. సైట్ ఆగిపోయి జనం ఎదురుచూస్తుంటే కట్టేయండి, ఆలోచించొద్దు. సైట్ ఇంకా నడుస్తుంటే మాత్రం ఒక్క పూట ఆగి, లిమిట్‌ని ఏది తినేస్తుందో చూసి అప్పుడు కట్టండి. ముందు కట్టేసి, ఏది తినేసిందో తర్వాత చూసుకున్నవాణ్ణి నేను, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా.

మా బావకి అశోక్‌నగర్‌లో చిన్న కోచింగ్ సెంటర్ ఉంది. సైట్ చూసుకునేది నేనే, జీతం ఏం లేదు, ఆదివారం మటన్ కూర ఉంటుంది అంతే. ఒకసారి గ్రూప్-2 వాళ్ళకి ఫ్రీ గ్రాండ్ టెస్ట్ పెట్టి, రాత్రి ఏడింటికల్లా 150 ప్రశ్నలకీ వివరణలతో కీ సైట్‌లో ఉంటుందని టెలిగ్రామ్‌లో గట్టిగా చెప్పుకున్నాడు. సార్ చేత్తో రాసిన 12 పేజీల్ని బావ ఫోన్‌తో కలర్‌లో స్కాన్ చేసి పంపాడు, నేను సైజు కూడా చూడకుండా ఎక్కించేసి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి బిర్యానీ పార్సెల్‌కి వెళ్ళా. ఆ పీడీఎఫ్ 38 ఎంబీ ఉందని తర్వాత తెలిసింది.

ఎనిమిదిన్నరకి, ఇంకో ఇద్దరైతే నా వంతు అనగా ఫోన్. "ఏంది బామ్మర్దీ, సైట్ తెరిస్తే 509 అని ఏదో వస్తుంది, గ్రూపుల పోరగాళ్ళు ఆడుకుంటున్నరు మనతోని." 509 అంటే బ్యాండ్‌విడ్త్, అదే నెలలో సైట్ నుంచి జనం దింపుకోగలిగే డేటా కోటా, అయిపోయిందని. మాది నెలకి 100 జీబీ ప్లాన్, అప్పటికే 30 వాడేశాం, మిగిలిన 70ని 38 ఎంబీతో భాగిస్తే 1,800 డౌన్‌లోడ్లకి పైన కాస్త. పిల్లలు ఊరుకుంటారా, ఫోన్ కాస్త తిరిగితే చాలు మళ్ళీ నొక్కుతారు, ఒక్కొక్కడు మూడేసి సార్లు దింపుకుని ఉంటాడు.

అక్కడే లైన్‌లో నిలబడి ఫోన్‌లోనే అప్‌గ్రేడ్ నొక్కా. కార్డు అక్కది. అక్క వరంగల్‌లో పెళ్ళిలో ఉంది. ఓటీపీ చెప్పవే అంటే వెనకాల బ్యాండు మేళం, "తొమ్మిదా? నాలుగా? గట్టిగ మాట్లాడురా" అని తనే నన్ను అడుగుతుంది, అంతలో మొదటి ఓటీపీ టైమ్ అయిపోయింది. రెండోది వాట్సాప్‌లో పెట్టమంటే ఫోటో తీసి పెట్టింది, దాంట్లో సగం అక్క బొటనవేలే. మూడోదానికి పని అయింది. ఏడాది ప్లాన్‌లో మిగిలిన 8 నెలలకి తేడా, పైన 18 శాతం జీఎస్టీ. సైట్ మళ్ళీ లేచేసరికి తొమ్మిది దాటి పది నిమిషాలు. నా బిర్యానీ టోకెన్ ఎవడికో ఇచ్చేశారు, అది వేరే బాధ.

అన్నట్టు ఆ తొందరలో సెంటర్ జీఎస్టీ నంబర్ వేయడం మర్చిపోయా, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన జీఎస్టీని సెంటర్ కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం, రాదని బావ అకౌంటెంట్ ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. మీరు కట్టేముందు అకౌంట్ ప్రొఫైల్‌లో నంబర్ ఉందో లేదో చూసుకోండి.

ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే ఏముంది, అదే 12 పేజీల్ని బ్లాక్ అండ్ వైట్‌లో మళ్ళీ స్కాన్ చేస్తే 3 ఎంబీ కూడా రాలేదు. ఫైల్‌ని నేరుగా టెలిగ్రామ్ ఛానెల్లో పడేసుంటే మన సర్వర్ మీద పైసా భారం పడేది కాదు, అది వాళ్ళ సర్వర్ నుంచి దిగుతుంది కదా. అసలు కామెడీ ఏంటంటే ఆ రోజు 29వ తారీకు. సీప్యానెల్‌లో, అంటే హోస్టింగ్ వాళ్ళిచ్చే కంట్రోల్ పేజీలో, బ్యాండ్‌విడ్త్ లెక్క ఒకటో తారీకున మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అంటే 8 నెలల డబ్బులు కట్టింది నిజానికి రెండు రాత్రుల కోసం. అయినా ఆ రాత్రి కట్టడం తప్పని నేను ఒప్పుకోను, పక్క వీధి సెంటర్ వాళ్ళు మా 509 స్క్రీన్‌షాట్ స్టేటస్ పెట్టుకున్నాక తెల్లారిందాకా ఎవరు ఆగుతారండీ.

బ్యాండ్‌విడ్త్ కాకుండా మీ మెయిల్‌లో డిస్క్ (ఫైళ్ళు దాచుకునే చోటు) అని ఉంటే ముందు పాత బ్యాకప్ జిప్పులు, ఎర్రర్ లాగ్, నిండిపోయిన మెయిల్ బాక్సులు తీసేయండి, మా దాంట్లో సగం చెత్త అదే. 508 వస్తుంటే సీపీయూ (సర్వర్ ప్రాసెసర్) లాంటి లిమిట్ తగిలినట్టు, వర్డ్‌ప్రెస్ అయితే లాగిన్ పేజీని బాట్లు, అదే మనుషులు కాకుండా వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు, బాదుతున్నాయేమో చూడండి, బాట్ల కోసం ప్లాన్ పెంచడం దొంగకి కుర్చీ వేసినట్టే.

"అన్‌లిమిటెడ్" అని రాసిన ప్లాన్ చూసి మాత్రం పడిపోకండి. మెస్‌లో బోర్డు మీద అన్‌లిమిటెడ్ మీల్స్ అని ఉంటుంది, మూడోసారి కూర అడగండి, వడ్డించేవాడు మీవైపే రాడు. ఇక్కడ కూడా అంతే, కింద చిన్న అక్షరాల్లో ఫెయిర్ యూసేజ్, అంటే మితంగానే వాడాలి అని ఒక లైను ఉంటుంది.

ఇంకోటి, పెంచడానికి పెద్ద ఆకుపచ్చ బటన్ ఉంది గానీ తగ్గించుకోవడానికి మా వాళ్ళ దగ్గర ఏ బటనూ లేదు. టికెట్ పెడితే రెన్యువల్ దాకా ఆగమన్నారు, రెన్యువల్ కూడా పెద్ద ప్లాన్ రేటుకే చూపిస్తుంది. ఆ సంగతి బావకి ఇంకా చెప్పలేదు.