వాడి చేత కబుర్లు మోయించకండి

ఖమ్మం నుంచి ఒక తల్లి ఇలా రాశారు: "మా బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. ఆర్నెల్లుగా బొత్తిగా మారిపోయాడు. బొద్దుగా ఉండేవాడు పుల్లలా అయ్యాడు. నేను స్నానం చేయిస్తానంటే తలుపేసుకుంటున్నాడు. స్కూలు గేటు దగ్గర ముద్దు పెట్టబోతే మొహం తిప్పేస్తున్నాడు. ప్రతిదానికీ వాదన. ఇప్పుడు అబద్ధాలు కూడా మరిగాడు. మావారు నాకు మాటైనా చెప్పకుండా మా ఆడపడుచు ఇంటికి నాలుగు లక్షలు ఇచ్చారు. సంక్రాంతి నుంచి మా మధ్య మాటల్లేవు. మొన్న ‘అన్నం వడ్డించానని నాన్నకి చెప్పరా’ అంటే, వీడెళ్లి ‘అమ్మ నీ కోసం చూస్తోంది నాన్నా, కలిసి తిందామంటోంది’ అన్నాడు. హాస్టల్లో వేద్దామని నాన్న అంటున్నాడని వాడే వచ్చి చెప్పాడు. సైకాలజిస్టుకి చూపించాలా, హాస్టలే మేలా?"

రెండూ వద్దమ్మా. ఆరేడేళ్లకి పిల్లలు పొడుగు సాగుతారు, పసితనపు బొద్దుతనం పోతుంది. ముందుపళ్లు ఊడతాయి. (వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఆరేళ్లప్పుడు ఒక దవడ పన్ను వస్తుంది. పాలపన్నేలే అని వదిలేయకండి, ఇక జీవితాంతం అదే.) సిగ్గు తెలుస్తుంది, స్నేహితుల ముందు పరువు తెలుస్తుంది. స్నానానికి తలుపేసుకుంటే సంతోషించండి.

వాదన కూడా అంతే. పాలు సన్నటి పొడుగు గ్లాసులోకి మార్చి ‘ఎక్కువ పోశా’నంటే నాలుగేళ్ల పిల్లాడు నమ్ముతాడు. ఏడేళ్లవాడు అవే పాలంటాడు. పైకి కనిపించేదాన్ని దాటి చూడటం వాడికి వచ్చేసింది.

మీ ఇంట్లో ఏం చూస్తున్నాడో మరి! మీరు అబద్ధమన్న ఆ మాట నేను రెండుసార్లు చదువుకున్నాను. నాలుగేళ్లప్పుడైతే మీరన్నది అన్నట్టు అప్పజెప్పేవాడు. ఇప్పుడు ఆ మాట వింటే నాన్నకి ఎలా ఉంటుందో, ఏమంటే లేచి వస్తాడో ఊహించగలడు. అందుకే మీరు అనాల్సిన మాట తనే కల్పించుకుని చెప్పాడు. దానికి తిట్టి ఉంటే, దగ్గరికి తీసుకుని తప్పు నాదే అనండి.

ఇక ఆ హాస్టల్ మాట. తనని ఇంట్లోంచి పంపించేస్తారన్న కబురు తనే మోసుకొచ్చి మీకు అప్పజెప్పాడు. మీరు దాన్ని ఒక్క ముక్కలో రాసేసి ముందుకెళ్లారు. నాకు మాత్రం ఆ రాత్రి వాడు నిద్రపోయాడా అనిపించింది.

మీ కోపం తప్పనను. తోబుట్టువుకి సాయం చేయడం ఆయన బాధ్యత కావచ్చు, కట్టుకున్నదానికి చెప్పకుండా చేయడం మాత్రం అవమానమే. అది ఆయనకి తెలియాలి, మీ నోటితోనే తెలియాలి. పిల్లాడు పడుకున్నాక ఎదురుగా కూర్చోబెట్టి అడగండి, పోట్లాడండి. నెలల తరబడి మూతి బిగించుకుంటే మీ పరువేమీ నిలబడలేదు. ఆయన ఇచ్చింది ఇచ్చేశారు, మధ్యలో నలిగింది వాడు.

ఈ రాత్రి భోజనానికి ఆయన్ని మీరే పిలవండి. "అన్నం పెట్టాను" అన్నా చాలు, నవ్వక్కర్లేదు. అలవాటుకొద్దీ వాడు పిలవడానికి లేస్తే, కూర్చోరా నాన్నా, నువ్వు తిను అనండి.