పిల్లలకు కరోనా తేలిగ్గా ఎందుకు పోయింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, 2021లో మా ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చింది. షుగర్ ఉన్న మావారిని ఆక్సిజన్ మీద ఉంచారు. నాలుగేళ్ల మనవడికి మాత్రం ఒళ్లు కాస్త వెచ్చబడింది, మర్నాటికే ఆటల్లో పడ్డాడు. ఎందుకలా? ఇప్పుడు మా అమ్మాయి రెండో పాపకు మూడో నెల, జలుబు చేసింది. పిల్లలకేం కాదని ధైర్యంగా ఉండొచ్చా?
- ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: మనవణ్ణి చూసి పాప సంగతి తేల్చేయొద్దమ్మా. రెండూ వేరు.

కరోనాను మీ మనవడు చాలావరకు ముక్కులోనే ఆపేసి ఉంటాడు. వైరస్‌ను పసిగట్టే ఏర్పాటు పిల్లల ముక్కు కణాల్లో ముందే మేలుకొని ఉంటుందని 2021లో జర్మనీ పరిశోధకులు చూపించారు. అందుకే వాళ్లలో ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ పదార్థం తొందరగా తయారవుతుంది. పెద్దవాళ్లలో ఇది ఆలస్యమైతే వైరస్ ఊపిరితిత్తుల దాకా దిగుతుంది. ఆ తర్వాత రోగనిరోధక శక్తి అదుపు తప్పి, సొంత కణజాలాన్నే దెబ్బతీస్తుంది. ఆక్సిజన్ అవసరమైనవారికి స్టెరాయిడ్లు ఇచ్చింది దాన్ని అణచడానికే. పైగా షుగర్ వల్ల మీవారి రక్తనాళాల లోపొర అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. అయినా పిల్లలందరూ తేలిగ్గా బయటపడలేదు. కరోనా తగ్గిన కొన్ని వారాలకు గుండె వాచి ఐసీయూలో చేరిన పిల్లలూ ఉన్నారు.

ఇక పాప విషయం. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ పెద్దలకు ఎక్కువగా మామూలు జలుబుతో పోతుంది, నెలల పిల్లల్ని మాత్రం బాగా ఇబ్బంది పెడుతుంది. వాళ్ల శ్వాసనాళాలు మరీ సన్నం. కాస్త వాచి, కఫం చేరితే చాలు, గాలి ఆడదు. అన్నయ్య స్కూలు నుంచి తెచ్చే జలుబే చెల్లికి అంటుకోవచ్చు.

పాప నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం నిండా లెక్కపెట్టండి. రెండు నెలలు నిండిన పాపకు 50 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆయాసమే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అవేవీ లేకపోతే పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేస్తే చాలు. దగ్గు సిరప్‌లు వద్దు. ఛాతీకి కర్పూరం కలిపిన నూనె అసలే రాయొద్దు, కర్పూరం పసిపిల్లలకు విషం. మనవడు స్కూలు నుంచి రాగానే చేతులు కడిగించి, ఆ తర్వాతే చెల్లిని ముట్టుకోనివ్వండి.