గేమ్ సంగతి తర్వాత, ముందు ఆ సగం మాత్ర సంగతి చూద్దాం

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు, పదో తరగతి. సిగరెట్, వేపింగ్, ఫ్రెండ్స్ బలవంతం లాంటివి ఎదురైనప్పుడు సరైన నిర్ణయం తీసుకోవడం నేర్పే వీడియో గేమ్ ఒకటి స్కూల్లో ఆడిస్తున్నారు, ఇంట్లోనూ ఆడమన్నారు. వాడు ఇప్పటికే రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో గేమ్సే ఆడతాడు. పొద్దున తలనొప్పి అంటాడు, మాత్ర వేస్తే తగ్గుతుంది. మరీ నిద్ర పట్టకపోతే వాళ్ల నానమ్మ నిద్రమాత్రలో సగం ఇస్తున్నాను. ఇలాంటి గేమ్స్ నిజంగా పనిచేస్తాయా? ఆడనివ్వొచ్చా?
– ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, గేమ్ గురించి అంత వివరంగా అడిగి, నిద్రమాత్ర సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. నాకు భయం వేసింది అక్కడే. మాత్ర పేరు రాయలేదు, రోజూ ఇస్తున్నారో ఎప్పుడైనా ఇస్తున్నారో కూడా రాయలేదు. పెద్దవాళ్లు వాడేది చాలాసార్లు అల్ప్రజోలం లాంటిది అయి ఉంటుంది. అది పిల్లలకు ఇంట్లో మనమే కొలిచి ఇచ్చే మందు కాదు. మర్నాడు క్లాసులో మత్తు, మతిమరుపు, కొన్ని వారాలకే అలవాటు, ఇవన్నీ సగం మాత్రతోనూ రావచ్చు. ఎప్పుడో ఒకసారి ఇచ్చి ఉంటే ఇక ఇవ్వకండి. వారాల తరబడి రోజూ ఇస్తుంటే మాత్రం ఉన్నట్టుండి మానేయకుండా వెంటనే డాక్టర్‌కు చూపించండి, ఎందుకంటే అలవాటైన మందును ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, కంగారు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు.

ఓపీలో ఇది మాకు కొత్త కాదు. నానమ్మ బీపీ మాత్రలు, తాతయ్య నిద్రమాత్రలు, పిల్లాడి దగ్గు సిరప్ అన్నీ ఒకే పాత స్వీట్ల డబ్బాలో ఉంటాయి, చాకుతో కోసిన సగం ముక్క మళ్లీ అదే షీట్‌లో దోపి ఉంటుంది. ఆ డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికంటే ముందు పిల్లలకే తెలుసు. నిద్ర పట్టకపోతే మాత్ర వేసుకోవాలని వాడు నేర్చుకుంటున్నది మీ దగ్గరే, ఆ తర్వాత ఏ గేమ్ ఎంత చెప్పినా ఏం లాభం? డబ్బాకు తాళం వేయండి.

తలనొప్పి మాత్ర కూడా అంతే. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ వాడుతూ పోతే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. పిల్లాడి తలనొప్పికి నిద్రలేమి, కంటి చూపు, టిఫిన్ మానేయడం మామూలు కారణాలే కానీ, చూడకుండా నేను ఇదేనని చెప్పలేను. పొద్దున్నే నొప్పితో పాటు వాంతులు, నొప్పికి నిద్రలో లేవడం, రెండుగా కనిపించడం, నడకలో తూలడం, ఫిట్స్, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకండి, అదే రోజు హాస్పిటల్‌కు తీసుకెళ్లండి.

ఇక మీరు అడిగింది. ఇలాంటి గేమ్స్ మీద పరిశోధనలు జరిగాయి. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 333 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందితో ట్యాబ్‌లో ఒక గేమ్ ఆడించారు, అందులో తప్పు నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో చూసి, వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. సెక్స్‌కు సంబంధించిన రిస్క్‌ల మీద ఆ గేమ్ ఆడిన పిల్లల అవగాహన, ఆలోచన మెరుగయ్యాయి కానీ అసలు ప్రవర్తనలో తేడా కనిపించలేదు. క్యాన్సర్ ఉన్న టీనేజర్లు, యువకులు 375 మందితో చేసిన ఇంకో గేమ్ పరిశోధన 2008లో వచ్చింది, అక్కడ మాత్రం ఆడినవాళ్లు మందులు మరింత సరిగ్గా వేసుకున్నారు. మీ స్కూల్ గేమ్ ఏదో నాకు తెలియదు కాబట్టి దాని గురించి నేను సర్టిఫికెట్ ఇవ్వలేను. ఆడనివ్వండి, కానీ సాయంత్రం, హాల్లో, మీరూ పక్కన కూర్చుని. వాడు ఏ ఆప్షన్ నొక్కాడో చూసి ఎందుకు నొక్కావని అడగండి, లెక్చర్ మాత్రం ఇవ్వకండి. గేమ్‌లో వెనక్కి వెళ్లొచ్చు, బయట కుదరదని ఆ వయసులో తలకెక్కడం కష్టం, ముందూ వెనకా ఆలోచించే మెదడు భాగం పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఏళ్లు దాటిపోతాయి.

పైగా ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదింటికల్లా ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టండి, మీదీ, మీ ఆయనదీ కూడా, లేకపోతే వాడు వినడు. సాయంత్రం తర్వాత కాఫీ, ఎనర్జీ డ్రింక్స్ వద్దు. దీన్ని అడిక్షన్ అని ఇప్పుడే ముద్ర వేయను, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గేమింగ్ డిజార్డర్ అనాలంటే మామూలుగా 12 నెలల పాటు ఆట మీద అదుపు తప్పి, చదువు, ఇల్లు అన్నీ దెబ్బతిని ఉండాలి. ఫోన్ తీసేస్తే మరీ కోపంతో ఊగిపోవడం, దిగులుగా ఉండటం కనిపిస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ వారంలోనే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, కళ్లు కూడా చూపించండి. వెళ్లేటప్పుడు ఆ రెండు మాత్రల షీట్లు తప్పకుండా పట్టుకెళ్లండి, పేరు గుర్తులేదంటే మేం చేయగలిగేది చాలా తక్కువ.