కాంటాక్ట్ లెన్స్ చీటీ (ప్రిస్క్రిప్షన్) ఇవ్వమంటే షాపువాళ్లు ఇవ్వాలా?

బెంగళూరు మారతహళ్లిలో కళ్లు టెస్ట్ చేసిన షాపువాళ్లు "లెన్సులు మా దగ్గరే తీసుకోండి, చీటీ ఎందుకు" అంటున్నారని, అమెరికాలో మీ అక్కకు మాత్రం అడక్కుండానే చేతికిచ్చారని రాశారు.

అంత సూటి రూల్ మన దగ్గర లేదండి. అమెరికాలో 2003లో దీనికోసమే చట్టం చేశారు, 2004 నుంచి అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన నడుస్తోంది. లెన్స్ కంటికి సరిపోయేలా చూసే ఫిట్టింగ్ అయిపోగానే చీటీ ఇచ్చి తీరాలి, దానికి విడిగా డబ్బు అడగకూడదు, తమ దగ్గరే కొనాలని పట్టుబట్టకూడదు. బయట లెన్సులు అమ్మేవాళ్లు పవర్ సరిచూడమని డాక్టర్‌ని అడిగాక ఎనిమిది పని గంటల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇదొక్కటే నాకు మింగుడుపడదు. కంటి విషయంలో పలకకపోతే సరే అన్నట్టా?

ఇక్కడ డాక్టర్ దగ్గర చూపించుకుంటే కొంత నయం. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. షాపులో కళ్లు టెస్ట్ చేసే ఆప్టోమెట్రిస్ట్‌కు అది వర్తించదు. షాపుల విషయంలో 2019 వినియోగదారుల చట్టమే దిక్కు. ఒకటి కావాలంటే ఇంకోటి కొనాల్సిందే అని మెలిక పెట్టడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే, అందుకే టెస్ట్ ఫీజుకు బిల్లు అడగండి.

ఇందిరానగర్‌లో ఒక షాపులో నాకూ ఇదే ఎదురైంది. ఫీజు తీసుకున్నారు, చీటీ అడిగితే "సిస్టమ్‌లో ఉంది మేడమ్" అన్నారు. "సరే, ఇవ్వం అని ఈ బిల్లు వెనకే రాసి స్టాంపు వేయండి" అన్నాను. కౌంటర్ అబ్బాయి లోపలికెళ్లి మేనేజర్‌తో మాట్లాడి ప్రింట్ పట్టుకొచ్చాడు. తీరా చూస్తే అది కళ్లజోడు పవర్! మైనస్ ఆరు అని ఉంది. కళ్లజోడు కంటికి కాస్త ఎడంగా ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది. అందుకే మైనస్ ఆరు ఉన్నవాళ్లకు లెన్స్‌లో మైనస్ ఐదున్నర దగ్గరకొస్తుంది. వెనక్కిచ్చి లెన్స్ పవర్, బేస్ కర్వ్ (లెన్స్ వంపు), డయామీటర్ (లెన్స్ వెడల్పు), బ్రాండ్ అన్నీ రాయించుకున్నాను. నాది బేస్ కర్వ్ 8.6, డయామీటర్ 14.2. మీకు సిలిండర్ (కంటి వంపు సమంగా లేకపోతే ఇచ్చే పవర్) ఉంటే, దాని కోణం చెప్పే యాక్సిస్ కూడా ఉండాలి. ఇవి లేని చీటీ ఎక్కడికి తీసుకెళ్లినా పనికిరాదు.

ఇప్పటికే లెన్సులు వాడుతుంటే ఈ అంకెలన్నీ పాత డబ్బా మీదే ఉంటాయి. అలాగని దాన్నే చూసి ఏళ్ల తరబడి ఆర్డర్ పెట్టకండి, కంటి పవర్ మారుతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సీల్ తీయకముందే డబ్బా మీది పవర్, ఎక్స్‌పైరీ తేదీ ఫొటో తీసుకోండి. వేరే పవర్ వచ్చి డబ్బు వెనక్కివ్వకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, కంపెనీ ఢిల్లీలో ఉన్నా మీరుండే బెంగళూరులోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు.