నీ అబ్‌స్ట్రాక్ట్ చదివాక

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

హాస్టల్ పిల్లల ఒత్తిడి, నిద్ర మీద నువ్వు చేసిన పరిశోధనకు సదస్సు కోసం రాసి వాట్సాప్‌లో పంపిన అబ్‌స్ట్రాక్ట్‌ను (సారాంశాన్ని) నిన్న సాయంత్రం రెండుసార్లు చదివాను. ఈ ఉదయం ప్రింటు తీయించి, పెన్సిలు చేతిలో పెట్టుకుని మళ్లీ చదివాను. సదస్సువాళ్లు 250 పదాలు దాటకూడదన్నారు, నువ్వు 248లో ముగించావు, అంతవరకు సంతోషమే. కాని అందులో మొదటి 110 పదాలు ఆధునిక జీవితంలో ఒత్తిడి ఎంత పెరిగిపోయిందో చెప్పడానికే అయిపోయాయి, చివరి వాక్యమేమో "ఫలితాలను సదస్సులో చర్చిస్తాము" అంటోంది. హాస్టల్లో ఉండే మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ విద్యార్థులు 110 మందిని నెల రోజులు బతిమాలి ప్రశ్నావళులు నింపించావు కదా, వాళ్ల గురించి నీకు ఏం తెలిసిందో మాత్రం ఎక్కడా లేదు. పెళ్లి శుభలేఖలో రెండు వంశాల పేర్లూ అచ్చువేయించి ముహూర్తం వేయడం మరచినట్టుంది.

అబ్‌స్ట్రాక్ట్‌లను పరిశీలించే పని నేనూ చాలా ఏళ్లు చేశాను కనుక అవతలివాళ్ల సంగతి చెబుతాను. తరగతులు, జవాబు పత్రాలు దిద్దడం అన్నీ అయ్యాక, రాత్రి భోజనం చేసి అరవై అబ్‌స్ట్రాక్ట్‌ల కట్ట ముందు వేసుకుని కూర్చునే మనిషికి ఒత్తిడి గురించి నువ్వు పాఠం చెప్పనక్కరలేదు. ఆ మనిషి కళ్లు ముందుగా వెతికేవి ఇవి: ఎంతమందిని అడిగారు, ఏ మాపనితో (కొలిచే ప్రశ్నావళితో) కొలిచారు, ఏ అంకె వచ్చింది. "చర్చిస్తాము" అన్న మాట కనబడగానే విశ్లేషణ ఇంకా కాలేదనే అనుకుంటాడు, చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది. కొనసాగుతున్న పరిశోధనలను కూడా పంపవచ్చని ప్రకటనలో ఉంటే, దత్తాంశ (డేటా) సేకరణ పూర్తయిందని, విశ్లేషణ జరుగుతోందని దాచకుండా రాయవచ్చు. అలా లేనప్పుడు ఫలితం చేతికి రాకుండా పంపడం కంటే వచ్చే ఏడాది సదస్సు దాకా ఆగడం మేలు.

నువ్వు ఇంగ్లీషులో పంపాలి, నిజమే. అయినా ముందు తెలుగులో రాయి. మీ అమ్మ వంటింట్లో కూర తరుగుతూ "ఇంతకీ నువ్వు చేసిందేమిటే?" అని అడిగితే ఏం చెబుతావో అయిదారు వాక్యాల్లో పెట్టు. ఈ ప్రశ్న ఎందుకు వచ్చింది, ఎవరిని అడిగావు, ఎలా కొలిచావు, ఏం తేలింది, తేలినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు. అవి అమ్మకు అర్థమైన తరవాతే ఇంగ్లీషులోకి వెళ్లు. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టినప్పుడు మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి ఎక్కడో చదివిన పెద్ద పెద్ద వాక్యాలే. నీ మొదటి 110 పదాలు అలా వచ్చినవేనని నా అనుమానం.

ఇక అసలు విషయం. "ఒత్తిడికి, నిద్ర నాణ్యతకు మధ్య ధనాత్మక సహసంబంధం కనబడింది" అని ఫోనులో చెప్పావు. ధనాత్మకం అంటే ఒకటి పెరిగితే రెండోదీ పెరగడం కదా. ఆ వాక్యం అలాగే అచ్చయితే, ఒత్తిడి పెరిగిన పిల్లలు హాయిగా నిద్రపోతున్నారని అర్థం! నువ్వు వాడిన పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచికలో లెక్క తలకిందులుగా ఉంటుంది. 1989లో వచ్చిన ఆ సూచికలో పందొమ్మిది ప్రశ్నలు ఏడు అంశాలుగా కూడతాయి, ఒక్కో అంశానికి 0 నుంచి 3, మొత్తం 0 నుంచి 21 వరకు. స్కోరు పెరిగేకొద్దీ నిద్ర చెడ్డదని అర్థం, 5 దాటితే నిద్ర సరిగా లేనట్టే లెక్కిస్తారు. అంకె నీ పట్టికలో సరిగానే ఉండవచ్చు, మాట మాత్రం తిరగబడింది. "ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు చెప్పినవారిలో నిద్ర స్కోరు కూడా ఎక్కువగా, అంటే నిద్ర మరింత అధ్వానంగా ఉంది" అని దిశను మాటల్లో విప్పి చెబితే ఆ చిక్కు ఉండదు.

అంకెను కూడా ఒంటరిగా వదలకు. నీ పట్టిక నా దగ్గర లేదు కనుక సహసంబంధ గుణకం, అంటే రెండూ ఎంత గట్టిగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె, 0.34 అనుకుందాం. 110 మందితో అది గణాంకపరంగా సార్థకమేనని, అంటే అసలు సంబంధమే లేకపోతే ఇంత అంకె రావడం అరుదని వస్తుంది, దాంతో చాలామంది పండగ చేసుకుంటారు. కాని దాని వర్గం తీస్తే, అంటే దాన్ని దానితోనే గుణిస్తే, 0.12 దగ్గర తేలుతుంది. అంటే నిద్ర స్కోర్లలోని తేడాల్లో ఒత్తిడి స్కోర్లతో ముడిపడినది ఎనిమిదో వంతు కూడా కాదు. 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఉండదగిన హద్దులు, కట్టి చూస్తే సుమారుగా 0.16 నుంచి 0.50 దాకా పోతుంది. ఆ రెండు హద్దులూ అబ్‌స్ట్రాక్ట్‌లో రాస్తే నాలుగు పదాలకు మించి ఖర్చు కాదు. నీకు లెక్క తెలుసునని పరిశీలకుడికి నమ్మకం కుదరడానికి ఆ నాలుగు పదాలు చాలు.

ఒత్తిడి మాపని విషయంలో రెండు సందేహాలు ఉన్నాయి. నువ్వు వాడింది కోహెన్ మాపనిలోని పది ప్రశ్నల రూపం కదా. అందులో 4, 5, 7, 8 ప్రశ్నలు అనుకూలంగా అడిగేవి కనుక వాటి స్కోర్లను తిరగేసి (ఎక్కువను తక్కువగా, తక్కువను ఎక్కువగా మార్చి) కలపాలి, తిరగేశావా? రెండోది తెలుగు అనువాదం. పనులు అనుకున్నట్టే జరుగుతున్నాయా అని అడిగే ప్రశ్నను మా విద్యార్థి ఒకడు మాటకు మాట పెట్టి "విషయాలు మీ దారిన వెళుతున్నాయా" అని తెలుగు చేశాడు. ఒక పిల్లవాడు కాగితం పట్టుకుని వచ్చి "ఏ దారి మేడమ్?" అని అడిగేదాకా ఆ తప్పు మాలో ఎవరికీ కనబడలేదు. నీ అనువాదాన్ని అసలు ప్రశ్నలు చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి పోల్చుకున్నావా? చేయించి ఉంటే ఆ సంగతి ఒక్క మాటలో రాయి, నీ శాంపిల్‌లో వచ్చిన ఆల్ఫా విలువను (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకెను) దాని పక్కనే రాయి. చేయించకపోతే చేశానని మాత్రం రాయకు.

తిరగేయడం గురించి ఇంతగా అడగడానికి కారణం ఉంది. 1994లో నా మొదటి అబ్‌స్ట్రాక్ట్ రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ మాపనితో చేసిన పని మీద. అందులో పది ప్రశ్నలకు అయిదు ప్రతికూలంగా ఉంటాయి. చేత్తో లెక్కలు వేసే రోజుల్లో ఆ అయిదింటినీ తిరగేయకుండానే కూడేసి, ఆత్మగౌరవానికి, మార్కులకు ఏ సంబంధమూ లేదని గంభీరంగా రాసి, టైపు కొట్టించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. సదస్సుకు వెళ్లే రైల్లో పై బెర్తు మీద పడుకుని కాగితాలు తిరగేస్తుంటే తప్పు కనబడింది. అప్పటికే సావనీరు (అబ్‌స్ట్రాక్ట్‌లన్నీ వేసే సదస్సు సంచిక) అచ్చయిపోయింది. ఆ రాత్రంతా మళ్లీ కూడి, మర్నాడు వేదిక ఎక్కగానే "సావనీరులో ఉన్న నా ఫలితం తప్పు" అనే మాటతోనే మొదలుపెట్టాను. ఎవరూ నవ్వలేదు కాని, ఆ సావనీరు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అందుకే, పంపే ముందు ఒక పదిమంది జవాబు పత్రాలు తీసి, కంప్యూటరు ఇచ్చిన మొత్తాలతో చేత్తో కూడి సరిచూసుకోమంటున్నాను.

శీర్షికలో "ప్రభావం" అన్న మాట తీసెయ్యి. ఒకే సమయంలో రెండు ప్రశ్నావళులు నింపించినప్పుడు ఒత్తిడి వల్ల నిద్ర చెడిందో, నిద్ర చెడి ఒత్తిడి పెరిగిందో, పరీక్షలు దగ్గరపడి రెండూ చెడ్డాయో నీ దత్తాంశం చెప్పలేదు. "సంబంధం" అను, చాలు. శీర్షిక 12 పదాలు దాటవద్దని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) శైలి గ్రంథం ఆరో ఎడిషన్ చెప్పేది. 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ ఆ పరిమితిని ఎత్తేసింది, కాని ఆ పాత అలవాటు మంచిదేనని నా పక్షపాతం.

ఆడపిల్లలకు, మగపిల్లలకు తేడా వస్తుందని పరికల్పన (ముందస్తు ఊహ) పెట్టుకుని, అది రాకపోయేసరికి ఆ ఊసే తీసేశానన్నావు. వెనక్కి పెట్టు. 2015లో మనస్తత్వశాస్త్రంలోని 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసినప్పుడు, మొదటిసారి దాదాపు అన్నిటిలోనూ సార్థకమైన ఫలితం వచ్చినా, రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, వచ్చినవి చూపించి రానివి దాచుకునే అలవాటు వాటిలో ఒకటి. "ఆడ, మగ తేడా కనబడలేదు" అనడానికి నాలుగు పదాలు చాలు.

ఫారంలో నైతిక అనుమతి గడి ఉంటుంది. మీ విభాగం కమిటీ ఇచ్చిన నంబరు వేస్తావు, సరే. కాని మొదటి సంవత్సరం ఇంజినీరింగ్‌లో పదిహేడేళ్ల పిల్లలు కొందరు ఉంటారు. పద్ధెనిమిది నిండనివారికి వారి ఒప్పుదలతో పాటు తల్లిదండ్రుల సమ్మతి కూడా కావాలని 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. వయసు గడి చూసి, సమ్మతి లేని మైనర్లు ఉంటే మీ గైడ్‌కు, కమిటీకి ఇప్పుడే చెప్పు. వాళ్లు ఆ పత్రాలు పక్కన పెట్టమంటే పెట్టి, మిగిలినవారితోనే మళ్లీ లెక్క వెయ్యి. 110 కాస్తా 97 అయితే అవనీ.

మీ గైడ్ పేరు వేసే ముందు చివరి ప్రతి ఆయనకు చూపించి, ఆయన సరేనన్నాకే వెయ్యి. గూగుల్ ఫారం నింపించిన స్నేహితురాలికి కృతజ్ఞత చెబితే సరిపోతుంది, సహరచయిత్రిని చేయనక్కరలేదు. పేర్లు దాచి పరిశీలిస్తారు కనుక అబ్‌స్ట్రాక్ట్ లోపల కాలేజీ పేరు రానీయకు. పోస్టరా, మౌఖికమా అని అడిగితే మొదటిసారికి పోస్టరు ఎంచుకో. ఆ మూడడుగుల అట్ట ముందు నిలబడినప్పుడు నీతో మాట్లాడే పదిమంది, పది నిమిషాల ప్రసంగంలో దొరకరు.

నువ్వు పంపిన రెండో సదస్సు ప్రకటన మాత్రం నాకు నచ్చలేదు. సైకాలజీ, నానోటెక్నాలజీ, కామర్స్ ఒకే వేదికపై అంటున్నారు, నిర్వాహకుల జాబితాలో ఎవరి విభాగమూ లేదు, పంపిన ఇరవై నాలుగు గంటల్లో అంగీకారం అంటున్నారు, రుసుము మాత్రం ముందే కట్టమంటున్నారు. చదివి చూడకుండా అంగీకరించేవాళ్లకు కావలసింది నీ డబ్బే. దాన్ని వదిలెయ్యి. ఒకే పనిని రెండు చోట్లకు పంపడం ఎలాగూ తప్పే.

గడువు పదిహేనో తేదీ అన్నావు. ఆ రాత్రి పోర్టల్ మొరాయిస్తుంది, నాకు తెలుసు, పదమూడునే పంపెయ్యి. ఈలోగా ఆదివారానికి తెలుగు వాక్యాలు, మార్చిన ఇంగ్లీషు ప్రతి, నీ సహసంబంధాల పట్టిక మూడూ నాకు మెయిల్ చెయ్యి. వాట్సాప్‌లో వద్దు, ఫోనులో ఆ చిన్న అక్షరాలు నాకు ఆనడం లేదు.

నీ పెద్దమ్మ